‘విషయ పరిజ్ఞానం’ గడిలో నేను వేసిన మార్కులు: ఒక కేస్ స్టడీ

ఒకే వారంలో రెండు క్లాసులు చూశాను. ఒకదానికి 96కి 91 వేశాను, రెండోదానికి 58. నెల తిరిగేసరికి ఆ రెండు ఫారాలూ చూసుకోవాలంటేనే నాకు మొహం చెల్లలేదు. టీచర్ల పేర్లూ బడి పేరూ వదిలేసి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాలాగే తమకు రాని సబ్జెక్టుల క్లాసుల్లో కూర్చుని మార్కులు వేసే ఉద్యోగం చేస్తున్నవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి.

ముందు నా సంగతి. పదిహేడేళ్లు భాష చెప్పాను. ఆ తర్వాత అకడమిక్ సూపర్‌వైజర్‌ని చేశారు. అప్పట్నుంచి ఆరో తరగతి మొదలు పదో తరగతి వరకు అందరు టీచర్ల క్లాసులూ నేనే చూడాలి. ఫారం నింపి, టీచర్‌తో సంతకం పెట్టించి, పైకి పంపాలి. ఇంక్రిమెంటు, వచ్చే ఏడాది ఏ సెక్షన్ ఎవరికి అన్నది, ఒక్కోసారి ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది కూడా ఆ కాగితం మీదే ఆధారపడతాయి. పదో తరగతి లెక్కల్లో నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కానన్న సంగతి మాత్రం ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఫారంలో 24 అంశాలు, ఒక్కోదానికి 4 మార్కులు. బోర్డు పని, గొంతు, క్లాసు అదుపు, సమయపాలన, పిల్లల్ని ప్రశ్నలడగడం, ప్రోత్సహించడం, లెసన్ ప్లాన్, ఇలా సాగుతుంది. పదకొండో గడిలో ‘విషయ పరిజ్ఞానం’ అని ఉంటుంది. పక్కన వివరణ ఏమీ ఉండదు.

మొదటి క్లాసు తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం. మాస్టారు చురుకైన మనిషి. జేబులోంచి టెన్నిస్ బంతి తీసి పైకి విసిరి పట్టుకున్నారు. క్లాసు మొత్తం ఆయన చేతివైపే చూస్తోంది. బోర్డు మీద ఒకదానిపై ఒకటి ఐదు బంతులు గీశారు. ప్రతి బంతికీ కిందికి ఒక బాణం. అది భూమి లాగే బలం, అన్నింటికీ ఒకే పొడవు. పైకి ఇంకో బాణం. కింది బంతికి అది చాలా పొడవు, పైకి పోయేకొద్దీ పొట్టి.

“చెయ్యి బంతికి బలం ఇచ్చి పంపింది. పైకెళ్లే కొద్దీ ఆ బలం ఖర్చయిపోతోంది. భూమి మాత్రం లాగుతూనే ఉంది. ఒకచోట ఇద్దరి బలమూ సమానం. బంతి ఆగింది! ఇక అక్కడి నుంచి భూమిదే గెలుపు” అంటూ బంతిని పట్టుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక అబ్బాయి లేచి “అయితే పైన ఆగినప్పుడు మొత్తం బలం సున్నా కదా సార్?” అన్నాడు. “శభాష్” అన్నారు మాస్టారు.

నాకూ అర్థమైంది. నిజం చెప్పాలంటే జీవితంలో మొదటిసారి భౌతికశాస్త్రం నాకు అర్థమైనట్టు అనిపించింది. రిమార్క్స్‌లో ‘క్లిష్టమైన భావనను కళ్లకు కట్టారు, అద్భుతం’ అని రాశాను. పదకొండో గడిలో 4 వేశాను.

రెండు రోజుల తర్వాత ఏడో తరగతి లెక్కల క్లాసు. ఈ టీచర్ నెమ్మది మనిషి, గొంతు కూడా చిన్నదే. బోర్డు మీద 1¾ ÷ ½ అని రాసి, “జవాబు వద్దు. ఈ లెక్క వచ్చేలా ఒక కథ చెప్పండి” అన్నారు. రెండో వరసలో ఒకమ్మాయి లేచింది. “ఒకటిముప్పావు మీటర్ల తాడు ఉంది. దాన్ని సగానికి కోసి ఇద్దరికి ఇచ్చాం. ఒక్కొక్కరికి ఎంత వచ్చింది?” అంది. టీచర్ ఆ కథను బోర్డు మీద రాశారు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. “ఇంకో కథ?” అన్నారు. ఇంకో ముగ్గురు చెప్పారు, అవీ అదే తీరువి. నాలుగూ రాసి, “ఏ కథ ఈ లెక్కకు సరిపోతుందో పక్కవాళ్లతో మాట్లాడుకోండి” అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. గోల మొదలైంది. ఇద్దరు పిల్లలు ఏకంగా పోట్లాడుకున్నారు. బెల్లు కొట్టేసరికి ఒక్క లెక్కా తేలలేదు. “రేపు జవాబు కట్టి తీసుకురండి. కథకూ జవాబుకూ కుదిరిందో లేదో చూద్దాం” అని ఆవిడ వెళ్లిపోయారు.

నేను రాసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. ‘విద్యార్థిని చక్కటి ఉదాహరణ ఇచ్చినా మెచ్చుకోలేదు. పిల్లలు గందరగోళంలో ఉన్నారు. పీరియడ్ మొత్తంలో ఒక్క లెక్క కూడా పూర్తి కాలేదు.’ పదకొండో గడిలో 2.

మర్నాడు ఆవిడ ఫారం పట్టుకుని నా గదికి వచ్చారు. “మేడమ్, దీని మీద నేను సంతకం పెట్టలేను” అన్నారు. మార్కుల గురించి గొడవ పడతారేమో అనుకున్నాను. ఆవిడ నా ముందు తెల్లకాగితం ఒకటి పెట్టి, “ఆ అమ్మాయి చెప్పిన కథ ప్రకారం ఒక్కొక్కరికి ఎంత వస్తుందో కట్టండి మేడమ్” అన్నారు. బొమ్మ గీసుకుని, వేళ్లు లెక్కపెట్టుకుని, చివరికి మీటరులో ఎనిమిదో వంతులు ఏడు అని తేల్చాను. “ఇప్పుడు బోర్డు మీది లెక్క కట్టండి.” తలకిందులు చేసి గుణించడం నాకింకా గుర్తుంది. మూడున్నర వచ్చింది.

“తాడే ఒకటిముప్పావు మీటరు కదా మేడమ్. ఒక్కొక్కరికి మూడున్నర మీటర్లు ఎలా వస్తాయి?”

కాసేపు నాకు మాట రాలేదు. సగంతో భాగించడం అంటే, ఆ తాడులో అరమీటరు ముక్కలు ఎన్ని వస్తాయని అడగడం. మూడు ముక్కలు వచ్చి, ఇంకో సగం ముక్క మిగులుతుంది. సగానికి కోయడం అంటే రెండుతో భాగించడం. ‘సగంతో’, ‘సగానికి’. తృతీయా విభక్తికీ షష్ఠికీ తేడా పదిహేడేళ్లు బోర్డు మీద రాసి చెప్పినదాన్ని, ఆ తేడా నా కళ్లముందే నడుస్తుంటే పట్టుకోలేకపోయాను. పైగా తప్పు చెప్పిన పిల్లను మెచ్చుకోలేదని టీచర్‌కు మార్కులు కోశాను.

ఆ ప్రశ్న ఆవిడ సొంతంగా కల్పించింది కాదు. లిపింగ్ మా అనే పరిశోధకురాలు 23 మంది అమెరికన్ టీచర్లనూ 72 మంది చైనా టీచర్లనూ అడిగి 1999లో ప్రచురించిన ప్రశ్నల్లో ఇదొకటి. అమెరికన్ టీచర్ల కథల్లో ఎక్కువగా దొర్లిన పొరపాటు సరిగ్గా ఇదే, సగంతో భాగించమంటే రెండుతో భాగించే కథ చెప్పడం. ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలిసి, పిల్లల్ని కావాలనే ఆ చోటికి తీసుకెళ్లారు ఆవిడ. నేను గందరగోళం అని రాసింది ఆవిడ లెసన్ ప్లాన్‌లో ‘15 నిమిషాలు’ అని రాసుకున్న భాగం. ప్లాన్ నా చేతిలోనే ఉంది. తేదీ వేశారా లేదా అని మాత్రం చూశాను.

ఆ రాత్రి పాత ఫారాలన్నీ తీసి పదకొండో గడి ఒక్కటే చూసుకుంటూ పోయాను. 4 ఎవరికి వేశాను? గొంతు గట్టిగా ఉన్నవాళ్లకు, తడుముకోనివాళ్లకు, నాకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లకు. 2 ఎవరికి? మధ్యలో ఆగి ఆలోచించేవాళ్లకు, ‘అది చూసి రేపు చెప్తాను’ అన్నవాళ్లకు. ఆ గడిలో నేను కొలిచింది వాళ్ల ధీమాను.

ఇది నా ఒక్కదాని జబ్బు కాదని తర్వాత తెలిసింది. 1970లలో అమెరికాలో నఫ్తులిన్, వేర్, డానెలీ అనే ముగ్గురు ఒక నటుడికి ‘డాక్టర్ ఫాక్స్’ అని పేరు పెట్టి, వైద్యవిద్యలో గేమ్ థియరీ అనే అంశం మీద ప్రసంగం ఇప్పించారు. అందులో సరుకేమీ లేదు. డొంకతిరుగుడు మాటలు, లేని పదాలు, ఒకదానికొకటి పొసగని వాక్యాలు, జోకులు. విన్నవాళ్లు మానసిక వైద్యులు, విద్యారంగంలో పనిచేసేవాళ్లు. ఎక్కువమంది బాగుందనే రాసిచ్చారు. అక్కడ కూర్చుని ఉంటే నేనూ పదకొండో గడిలో 4 వేసేదాన్నే.

లెక్కల క్లాసు సంగతి తేలాక భౌతికశాస్త్రం ఫారం మీద అనుమానం పుట్టింది. నోట్‌బుక్‌లో ఆ ఐదు బంతుల బొమ్మ దించుకున్నాను కదా. తెలిసిన రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయనకు మాస్టారి పేరు చెప్పకుండా చూపించాను. ఆయన ఎర్ర పెన్ను తీసి, పైకి ఉన్న ఐదు బాణాలనూ కొట్టేశారు.

“చెయ్యి కిందే ఉండిపోయింది కదమ్మా. మరి బంతిని పైకి ఎవరు నెడుతున్నట్టు?”

గాలి సంగతి పక్కన పెడితే, చెయ్యి వదిలాక బంతి మీద ఉండేది ఒకటే బలం, కిందికి. ఎగురుతున్నప్పుడూ, పైన ఉన్నప్పుడూ, దిగుతున్నప్పుడూ అదే. పైన సున్నా అయ్యేది వేగం. బలం తగ్గదు. “పైన రెండు బలాలూ సమానమై, బంతి ఆగి ఉంటే, అది అక్కడే వేలాడాలి. న్యూటన్ మొదటి సూత్రం చెప్పేది అదేగా. కిందికెందుకు రావాలి?” అన్నారాయన.

ఈ మాట నన్ను ఎక్కువగా గుచ్చింది. ఆ ప్రశ్న అడగడానికి ఫిజిక్స్ అక్కర్లేదు. కథ వింటున్న ఏ మనిషైనా అడగొచ్చు. చప్పట్లు ఎవరు కొడుతున్నారో చూస్తూ కూర్చున్న నాకు అది తట్టలేదు.

మాస్టారికి న్యాయం చేయాలంటే ఇంకో మాట కూడా రాయాలి. ఆయన చెప్పిన కథ చాలా పాతది, చాలా బలమైనది. గెలీలియో కూడా 1590 ప్రాంతంలో చలనం మీద రాసుకున్న తొలి రాతల్లో, పైకి విసిరిన వస్తువులో చెయ్యి పెట్టిన బలం క్రమంగా తరిగిపోతుందనే అనుకున్నాడు. జాన్ క్లెమెంట్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో ఇంజినీరింగ్ విద్యార్థులను పైకి ఎగరేసిన నాణెం మీది బలాలు గీయమంటే, చాలామంది ఇదే పైబాణం గీశారు. కోర్సు అయిపోయిన తర్వాత కూడా. నాకు అంత హాయిగా అర్థం కావడానికి కారణం అదే. నా బుర్రలో ముందే ఉన్న తప్పును ఆయన అందంగా చెప్పారు.

ఇక ఆయనతో మాట్లాడటం. దాన్ని వారం రోజులు వాయిదా వేశాను. ‘మీరు తప్పు చెప్పారు’ అనే అర్హత నాకు లేదు. ఎవరో చెబితే తెలుసుకున్నదాన్ని. చివరికి తెలియనిదానిలాగే వెళ్లి కూర్చున్నాను. “సార్, నాకొక డౌటు. పైన రెండూ సమానమైతే బంతి అక్కడే ఉండిపోవాలి కదా?” ఆయన నవ్వుతూ మొదలుపెట్టారు. “లేదు మేడమ్, అక్కడ ఒక్క క్షణమే...” అని ఆగిపోయారు. కాగితం మీద బంతి గీశారు, బాణం గీశారు. చాలాసేపు చూసి, ఆ పైబాణాన్ని కొట్టేశారు.

“ఇది మీరు అప్పుడే అడగాల్సింది మేడమ్. అద్భుతం అని రాశారు కదా.”

సమాధానం చెప్పలేకపోయాను. తర్వాతి వారం ఆయన క్లాసులోకెళ్లి, తప్పు చెప్పానని ఒప్పుకుని, మళ్లీ ఐదు బంతులు గీసి, “పైబాణం ఉండాలా వద్దా, తేల్చండి” అన్నారట. ఆ క్లాసు నేను చూడలేదు. పక్క క్లాసు టీచర్ గోలగా ఉందని నాకు ఫిర్యాదు చేశారు.

ఈ అనుభవం తర్వాత పద్ధతి మార్చుకున్నాను. చాలావరకు తడుముకుంటూ, ఒక్కోటీ.

అన్నింటికంటే ఎక్కువ పనిచేసింది ముందు రోజు మాట. క్లాసు చూసే ముందు రోజు పదిహేను నిమిషాలు టీచర్‌తో కూర్చుంటాను. అడిగేది ఒకటే. “రేపు పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు?” లెక్కల టీచర్ దీనికి పది నిమిషాలు మాట్లాడారు. ఎలాంటి తప్పు, ఏ మాట వల్ల వస్తుంది, ఏ ఉదాహరణ దాన్ని బయటపెడుతుంది, అన్నీ చెప్పారు. ఇంకొకరు “సరిగ్గా చదవనివాళ్లు తప్పు చేస్తారండి” అన్నారు. సబ్జెక్టు రాకపోయినా ఈ రెండు జవాబుల మధ్య తేడా వినిపిస్తుంది. లీ షుల్మన్ అనే అమెరికన్ విద్యా పరిశోధకుడు 1986లో ప్రచురించిన వ్యాసంలో చెప్పింది ఈ జ్ఞానం గురించే. విషయం తెలియడం ఒకటి, దాన్ని నేర్చుకునేవాళ్లకు ఎక్కడ చిక్కు పడుతుందో తెలియడం ఇంకొకటి. అదే వ్యాసంలో ఆయన 1875 నాటి కాలిఫోర్నియా టీచర్ల పరీక్షను తీసి చూపిస్తాడు. 1000 మార్కుల్లో బోధన పద్ధతికి 50, మిగతాదంతా దాదాపు విషయమే. ఆయన రాసే నాటికి లోలకం అటు చివరికి పోయింది. టీచర్ల మూల్యాంకనంలో విషయం అన్నదే కనపడకుండా పోయిందని వాపోతాడు. మా ఫారంలో 24 గడుల్లో ఒకటి.

టీచర్ల పనిని అంచనా వేయడానికి చార్లట్ డేనియల్‌సన్ అనే అమెరికన్ విద్యా నిపుణురాలు 1996లో రూపొందించిన మూల్యాంకన చట్రం చాలాచోట్ల వాడుకలో ఉంది. అందులో విషయ పరిజ్ఞానం ‘ప్రణాళిక’ అనే మొదటి విభాగంలో ఉంటుంది, క్లాసు నడిపే విభాగంలో కాదు. మాట్లాడితే తెలిసేదాన్ని వెనక బెంచీ మీద కూర్చుని చూద్దామనుకోవడమే నా మొదటి పొరపాటన్నమాట.

రెండోది, పాఠంలోని లెక్కల్నో ప్రశ్నల్నో ముందు రోజు నేనే చేసి చూసుకుంటాను. తప్పులు వస్తాయి. రావాలి కూడా. మర్నాడు పిల్లలు అదే తప్పు చేసినప్పుడు నేను గుర్తుపట్టగలుగుతాను. మూడోది, వెనక బెంచీ మానేసి పిల్లల మధ్య కూర్చుంటున్నాను. టీచర్ మాటలకంటే పక్కనున్న ముగ్గురి నోట్‌బుక్కులే ఎక్కువ చూస్తాను. వాళ్లు రాసింది ఉన్నదున్నట్టు దించుకుంటాను, తప్పొప్పులు తేల్చను. బెల్లయ్యాక ఒకరిద్దరిని ఆపి, “నాకు రాదు, కొంచెం చెప్పవా” అంటాను. ఇది నటన కాదు గనుక పిల్లలు బాగానే చెప్తారు.

ఈ కాగితాలన్నీ ఆ సబ్జెక్టు తెలిసిన ఇంకొకరి దగ్గరకు వెళ్తాయి. ఆ టీచర్ మీద పెత్తనం లేని మనిషి అయితే మంచిది. తేల్చేది వాళ్లు, నేను ఆధారాలు సేకరించే మనిషిని. గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో 2009 నుంచి దాదాపు 3000 మంది టీచర్లతో జరిగిన పెద్ద అధ్యయనంలో, ఒకే మనిషి రెండు పాఠాలు చూడటం కంటే ఇద్దరు మనుషులు చెరొకటి చూస్తే మార్కు ఎక్కువ నమ్మదగ్గదిగా ఉంటుందని తేలింది. నాది ఇంకా చిన్న అవసరం. ఆ ఇద్దరిలో ఒకరికైనా సబ్జెక్టు వచ్చి ఉండాలి.

అన్నీ సాఫీగా సాగలేదు. మొదటి ఏడాది సబ్జెక్టు పరిశీలకుడిగా పెట్టుకున్నాయన ఆ టీచర్‌కు పాత స్నేహితుడని ఆలస్యంగా తెలిసింది. అన్నీ బాగున్నాయని రాశారు. ఇప్పుడు టీచర్ పేరు తీసేసి కాగితాలు పంపుతున్నాను. చేతిరాత గుర్తుపట్టేవాళ్లను ఏమీ చేయలేను. ‘రేపు పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు’ అన్న ప్రశ్న స్టాఫ్‌రూమ్ అంతా పాకిపోయింది. రెండో టర్మ్‌కల్లా బట్టీపట్టిన జవాబులు రావడం మొదలైంది. అందుకే ఇప్పుడు ఆ జవాబు విన్నాక, “నిన్నటి నోట్‌బుక్కుల్లో అలాంటి తప్పు ఒకటి చూపించండి” అంటున్నాను. చూపించలేకపోతే అదీ నమోదవుతుంది.

ఇంత గొడవ ఎందుకు, పిల్లల పరీక్ష మార్కులు చూస్తే సరిపోదా అని పై నుంచి మాట వచ్చింది. మా భౌతికశాస్త్రం పరీక్షలో బంతి ప్రశ్న ఉంది. ‘గరిష్ఠ ఎత్తు కనుక్కోండి.’ సూత్రంలో అంకెలు వేస్తే జవాబు వస్తుంది. తప్పు బాణం గీసిన పిల్లలందరికీ దానిలో పూర్తి మార్కులు వచ్చాయి. ఆ పేపర్లు తీసుకెళ్లి చూపించాక ఆ మాట ఆగింది, కొన్నాళ్లకు.

కంప్యూటర్ టీచర్ విషయంలో మాత్రం దారి దొరకలేదు. బడి మొత్తానికి ఆ సబ్జెక్టుకు ఆయనొక్కరే. ఆయన ఒప్పుకుంటే క్లాసు రికార్డు చేసి బయటివాళ్లకు పంపుతాను, లేకపోతే లేదు. ఈ ఏడాది ఒప్పుకోలేదు.

లెక్కల టీచర్ ఫారం వెనక్కి తెప్పించి, రిమార్క్స్ కొట్టేసి, నా తప్పు ఏమిటో అందులోనే రాసి మళ్లీ పంపాను. ఆవిడ అప్పుడు సంతకం పెట్టారు. పదకొండో గడిని మాత్రం ఖాళీగా వదిలి, ‘ఈ అంశం తేల్చే సబ్జెక్టు జ్ఞానం నాకు లేదు, పరిశీలకుల అభిప్రాయం జతపరిచాను’ అని రాశాను. అప్పట్నుంచి నాకు రాని ప్రతి సబ్జెక్టుకూ అలాగే రాస్తున్నాను. ఈ మధ్య ఫారాలన్నీ ఆన్‌లైన్ చేశారు. ఆ గడిలో 1 నుంచి 4 దాకా ఏదో ఒక అంకె వేయకపోతే పేజీ ముందుకు కదలదు. ప్రతిసారీ ఫారం సగంలో ఆపి, ఆ గడి గురించి పై ఆఫీసుకు మెయిల్ పెడుతున్నాను. మొన్నటికి తొమ్మిదోది పెట్టాను.